రాష్ట్రంలో మిగులు కరెంటు, పొలం మీద కాలిపోయే మోటారు: లోటు ఎక్కడుందో కొలిచి తెలుసుకోవడం

మీరు అడిగింది ఇది: రాష్ట్రంలో కరెంటు కొరత లేదంటున్నారు, కానీ మా ఊళ్లో మోటార్లు నడిచే వేళ ఇళ్లలో వోల్టేజీ 170కి పడిపోతోంది. పొలాల మీది ట్రాన్స్‌ఫార్మర్ ఏడాదిలో రెండు మూడుసార్లు కాలిపోతోంది, రివైండింగ్ ఖర్చుకే పంట డబ్బులు పోతున్నాయి. దేశంలో కరెంటు నిజంగా చాలినంత ఉందా? ఉంటే మా దాకా ఎందుకు రావడం లేదు? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉత్పత్తి స్థాయిలో చాలావరకు ఉంది. మీ ఊరి చివరి స్తంభం దగ్గర లేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మధ్యలో ఏ మెట్టు దగ్గర తెగుతోందో మీరే కొలిచి పట్టుకోవచ్చు. అలా పట్టుకున్న తర్వాత చేసే ఫిర్యాదుకు, ఊరికే "లో వోల్టేజీ ఉంది" అని చేసే ఫిర్యాదుకు చాలా తేడా ఉంటుంది.

ముందు పెద్ద లెక్క. 2012-13లో దేశానికి అవసరమైన కరెంటులో 8.7 శాతం ఇవ్వలేకపోయారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెల్లో గంటల తరబడి కోతలు ఆ కాలానివే. దక్షిణాదికి అప్పట్లో మరో ఇబ్బంది ఉండేది: ఉత్తరాదిలో కరెంటు దొరికినా తెచ్చుకునే దారి ఇరుకు. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో కలిశాక ఆ ఇరుకు క్రమంగా తగ్గింది. 2024 మే 30న దేశం 250 గిగావాట్ల గరిష్ఠ డిమాండును అందుకుంది. ఏడాది మొత్తం మీద కొరత ఒక శాతం లోపుకు దిగింది.

ఈ లెక్కలు అబద్ధం కావు. కానీ అవి దేన్ని కొలుస్తాయో చూడండి. రాష్ట్రం గ్రిడ్డు నుంచి ఎంత అడిగింది, ఎంత వచ్చింది అన్నదే అక్కడి లెక్క. మీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మూడు రోజులు పడి ఉంటే ఆ మూడు రోజుల మీ అవసరం గ్రిడ్డు మీద పడదు కాబట్టి ఆ కొరతలో అది కనిపించదు. 170 వోల్టుల కరెంటు కూడా ఇచ్చిన కరెంటు కిందే లెక్క. విద్యుదీకరణ లెక్కల్లోనూ ఇదే గొడవ ఉంది. ఊళ్లో పది శాతం ఇళ్లకు, బడి, పంచాయతీ కార్యాలయం లాంటి చోట్లకు కరెంటు వస్తే ఊరికి కరెంటు వచ్చినట్టేనన్నది ప్రభుత్వ నిర్వచనం. ఆ నిర్వచనం ప్రకారం 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలోని గ్రామాలన్నీ పూర్తయ్యాయి. ప్రపంచ బ్యాంకు 2015లో తెచ్చిన అంచెల పద్ధతి ఇంతకన్నా న్యాయంగా ఉంటుంది. ఎన్ని వాట్లు వాడుకోగలుగుతున్నారు, రోజుకు ఎన్ని గంటలు, సాయంత్రం ఎన్ని గంటలు, వారానికి ఎన్నిసార్లు పోతోంది, వోల్టేజీ సామాన్లను పాడుచేస్తోందా అని విడివిడిగా అడుగుతుంది. అందులో పై అంచెకు రోజుకు 23 గంటలు, సాయంత్రం నాలుగు గంటలు కరెంటు ఉండాలి.

మన అవసరానికి ఇంకా సులువైన కొలత చాలు. ఇచ్చిన గంటల్లో పనికొచ్చే గంటలు ఎన్ని? ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా అమలులోకి వచ్చింది. కానీ ఆ గంటల్లో మీ స్టార్టర్ దగ్గర వోల్టేజీ పరిమితుల్లో ఉన్న గంటలే మీ గంటలు. ఎల్‌టీ (ఇళ్లకు, మోటార్లకు వచ్చే తక్కువ వోల్టేజీ లైను) వినియోగదారుడికి ఆరు శాతం అటూ ఇటూ మించకూడదన్నది మన ప్రమాణం. అంటే సింగిల్ ఫేజ్‌లో సుమారు 226 నుంచి 254 వోల్టులు, త్రీఫేజ్‌లో 390 నుంచి 440. తొమ్మిది గంటల్లో నాలుగు గంటలే 390 పైన ఉంటే మీకు అందింది నాలుగు గంటలే.

కొలతకు కావలసినవి ఒక మంచి డిజిటల్ మల్టీమీటరు, ఒక క్లాంప్ మీటరు (లైన్‌మన్లు టాంగ్ టెస్టర్ అంటారు), ఒక నోటు పుస్తకం. వారం రోజుల పాటు రోజుకు నాలుగు వేళల్లో కొలవండి: త్రీఫేజ్ వచ్చిన పావుగంటకు, మోటార్లన్నీ నడుస్తున్న పదకొండు గంటల ప్రాంతంలో, రాత్రి ఏడు - తొమ్మిది మధ్య, అర్ధరాత్రి దాటాక. మూడు ఫేజ్‌లను ఆర్, వై, బీ అంటారు; పొలం దగ్గర ఆర్-వై, వై-బీ, బీ-ఆర్ మధ్య వోల్టేజీలు మూడూ రాయండి. ఇంటి దగ్గర ఫేజ్ - న్యూట్రల్ మధ్య వోల్టేజీ రాయండి. ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరగా ఉన్న ఒక ఇంట్లో, లైను చివరి ఇంట్లో ఒకే సమయంలో తీసుకుంటే మరీ మంచిది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద, ఎల్‌టీ టెర్మినళ్ల దగ్గర కొలత మాత్రం లైన్‌మన్ చేతే చేయించండి. ఫ్యూజు తీసినా పైన 11 కేవీ లైనులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఏబీ స్విచ్ (11 కేవీ లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను విడదీసే స్విచ్) దించి లైన్ క్లియర్ (లైను ఆపినట్టు సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) తీసుకోకుండా స్తంభమెక్కి, గద్దె ఎక్కి ఏటా రైతులు చనిపోతున్నారు. ఎంత తొందరున్నా ఆ పని వద్దు.

ఇక ఆ అంకెలు చెప్పేది ఏమిటో చూద్దాం.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే, లోడు పెద్దగా లేనప్పుడు కూడా 400 కన్నా తక్కువ ఉంటే తప్పు పైనుంచి వస్తోంది. అంటే 11 కేవీ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల దాకా వచ్చే లైను) పొడవు ఎక్కువై ఉండాలి, లేదా 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లోనే తక్కువ ఉండాలి. పదిహేను కిలోమీటర్ల ర్యాబిట్ కండక్టరు (లావుపాటి తీగ రకం) ఫీడరు మీద వంద ఆంపియర్ల లోడు దారి పొడుగునా పరచుకొని ఉందనుకుంటే, చివరికి వచ్చేసరికి ఏడెనిమిది శాతం వోల్టేజీ దారిలోనే కరిగిపోతుంది. "మా ట్రాన్స్‌ఫార్మర్‌లో ట్యాప్ మార్చండి" అని చాలామంది అడుగుతుంటారు. ట్యాప్ అంటే వోల్టేజీని కొంత పెంచే, తగ్గించే సర్దుబాటు. ఊళ్లలో ఉండే 100 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కొలత), అంతకన్నా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు సాధారణంగా ట్యాప్ ఉండదు. ట్యాప్ ఉండేది సబ్‌స్టేషన్‌లోని పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు. అక్కడ పెంచితే చివరి ఊరికి కొంత మేలు జరుగుతుంది, కానీ సబ్‌స్టేషన్ పక్క ఊరికి రాత్రిళ్లు వోల్టేజీ హద్దు దాటుతుంది. కాబట్టి పొడవాటి ఫీడరుకు అసలు మందు ఫీడరును రెండుగా విడగొట్టడం, లేదా దగ్గరలో కొత్త సబ్‌స్టేషన్. అది ఊరి చేతిలో పని కాదు, అయినా రీడింగులతో అడగాల్సింది ఊరే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 415 ఉండి మీ స్టార్టర్ దగ్గరికి 340 వస్తోందనుకోండి. మన పల్లెల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే కాబట్టి కాస్త లెక్క చేసి చూపిస్తాను. ఐదు హెచ్‌పీ మోటారు సుమారు ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది. లైను చివర అలాంటివి ఐదు ఉంటే నలభై ఆంపియర్లు. పాత ఎల్‌టీ లైన్లలో స్క్విరల్ కండక్టరు (సన్నని తీగ రకం) ఉంటుంది, దాని నిరోధం కిలోమీటరుకు సుమారు 1.39 ఓములు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎనిమిది వందల మీటర్ల దూరమైతే ఒక్కో ఫేజ్‌లో సుమారు 42 వోల్టులు పోతాయి, త్రీఫేజ్ లెక్కలో 73. బయల్దేరిన 415 మీ దగ్గరికి 342గా చేరుతుంది. ఎండకు తీగ వేడెక్కితే, మెలి తిప్పి కట్టిన అతుకులు ఉంటే ఇంకా తక్కువ. అదే దూరానికి ర్యాబిట్ కండక్టరు వేస్తే నిరోధం 0.55 ఓములే కాబట్టి నష్టం 36 వోల్టులకు తగ్గి, మీ దగ్గర 379 కనిపిస్తుంది. ఇదీ ప్రమాణానికి లోబడదు, కానీ మోటారు బతుకుతుంది.

342 వోల్టుల దగ్గర మోటారుకు ఏమవుతుంది? ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ 82 శాతమైతే బలం 68 శాతమే. నాలుగైదు వందల అడుగుల లోతు నుంచి నీళ్లెత్తే సబ్‌మెర్సిబుల్ ఈ బలంతో స్టార్ట్ కావడానికే ఎక్కువసేపు తీసుకుంటుంది. ఆ సేపంతా ఐదారు రెట్ల కరెంటు వైండింగులో పారుతుంది. తిరగడం మొదలయ్యాక కూడా అదే పని చేయడానికి ఐదో వంతు ఎక్కువ కరెంటు లాగుతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. పైగా అందరి మోటార్లూ ఎక్కువ కరెంటు లాగితే లైనులో నష్టం ఇంకా పెరుగుతుంది, వోల్టేజీ ఇంకా దిగుతుంది. ఈ సుడిలో ముందు కాలేది లైను చివరి రైతు మోటారే. అతని మోటారు నాసిరకం అనుకుని ఊరంతా కంపెనీని తిడతారు.

ఒక్క మాట, మీ సొంత కేబులును కూడా వదలకండి. స్టార్టర్ నుంచి మోటారు దాకా, లోతుతో కలిపి 250 మీటర్లు ఉండి నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లాట్ కేబులు వాడితే ఐదు హెచ్‌పీ మోటారుకు దారిలోనే 17 వోల్టులు పోతాయి. ఆరు చదరపు మిల్లీమీటర్లదైతే అందులో మూడింట రెండు వంతులే. స్తంభం నుంచి స్టార్టర్ దాకా లాగిన అల్యూమినియం సర్వీసు వైరు అతుకులు కూడా తడిమి చూడాలి, కరెంటు తీసేశాక మాత్రమే. కాసేపు నడిచిన మోటారును ఆపగానే వేడిగా తగిలిన అతుకు ఉంటే వోల్టులు అక్కడ పోతున్నాయని అర్థం.

మూడో రకం: రెండు ఫేజ్‌లు బాగుండి ఒకటి మాత్రం పడిపోవడం. ఇళ్లన్నీ ఒకే ఫేజ్ మీద పోగుపడితే ఇలా అవుతుంది. క్లాంప్ మీటరుతో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజ్‌ల కరెంటు, న్యూట్రల్ కరెంటు చూపించమని లైన్‌మన్‌ను అడగండి. 110, 60, 45 ఆంపియర్లు ఇలా కనిపిస్తే కొన్ని ఇళ్ల సర్వీసులను రెండో ఫేజ్ మీదికి మారిస్తే సరిపోతుంది. దీనికి కొత్త సామాను అక్కర్లేదు, ఒక పూట పని. పైసా ఖర్చులేని ఈ పనిని అడక్కపోవడం వల్ల ఏళ్ల తరబడి 170 వోల్టులతో నెట్టుకొచ్చే వీధులున్నాయి.

నాలుగోది ప్రమాదకరమైంది. ఒక ఇంట్లో 140, పక్కింట్లో 310, కాసేపటికి తారుమారు, బల్బులు పగిలిపోవడం, ఫ్రిజ్ నుంచి పొగ. ఇది లో వోల్టేజీ కాదు, న్యూట్రల్ తెగింది. న్యూట్రల్ తీగ తెగినా, దాని అతుకు ఊడినా రెండు ఫేజ్‌ల మధ్య ఇళ్లు వరుసగా చిక్కుకుంటాయి, తక్కువ లోడున్న ఇంటికి ఎక్కువ వోల్టేజీ పోతుంది. వెంటనే మెయిన్ దించేసి, పక్కవాళ్లతో దింపించి, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. స్టెబిలైజరును నమ్ముకుని నడపకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తింగు బాగుంటే ఈ ఊపు కొంత తగ్గుతుంది. గద్దె పక్కన మూడు ఎర్త్ గుంతలు ఉండాలి, న్యూట్రల్‌కు విడిగా ఎర్త్ ఉండాలి. పట్టీ తుప్పుపట్టి తెగి వేలాడుతుంటే ఫొటో తీసి పంపండి. వేసవిలో ఆ గుంతల్లో నీళ్లు పోయడం ఊరివాళ్లు చేయగల మంచి పని, దూరం నుంచి బకెట్‌తో, గద్దెను తాకకుండా.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలుతోందో చూద్దాం. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు ఫేజ్‌కు 133 ఆంపియర్లు, 63 కేవీఏ 84, 25 కేవీఏ 33 ఆంపియర్లు ఇవ్వగలవు. ఐదు హెచ్‌పీ మోటారు ఎనిమిది ఆంపియర్లు కాబట్టి 100 కేవీఏకు కొంత ఊపిరి ఉంచి పదమూడు పద్నాలుగు మోటార్లు తగిలించవచ్చు. కాగితం మీద సరిగ్గా అంతే ఉంటాయి. కానీ నీటిమట్టం దిగిన కొద్దీ రైతు పంపులో స్టేజీలు (నీటిని పైకి నెట్టే చక్రాలు) పెంచుతాడు, ఐదు బదులు ఏడున్నర హెచ్‌పీ దించుతాడు. ఏడున్నర హెచ్‌పీ పన్నెండు ఆంపియర్లు లాగుతుంది. పద్నాలుగు పన్నెండ్లు 168. కాగితం మీద నిండుగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ పొలంలో నాలుగో వంతు అధిక లోడుతో రోజంతా ఉడుకుతుంది. వైండింగు వేడి హద్దు దాటాక ప్రతి ఆరు డిగ్రీలకూ లోపలి కాగితపు ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుంది. ఇరవై ఏళ్లు ఉండాల్సింది రెండు మూడేళ్లలో పోవడానికి కారణం ఇదే.

ఇక్కడ రైతులకు నిష్ఠురంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అదనపు లోడుకు డీడీ కట్టడం లేదు. ఉచిత కరెంటు కాబట్టి మీటరు లేదు, మీటరు లేదు కాబట్టి విద్యుత్ పంపిణీ సంస్థకు అసలు లోడు తెలియదు. సంస్థ కాగితాల్లో మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద పద్నాలుగు ఐదు హెచ్‌పీలే ఉన్నాయి కాబట్టి రెండో ట్రాన్స్‌ఫార్మర్‌కు అంచనా వేయరు. లోడు రాయించకపోతే మిగిలే డబ్బు కన్నా రివైండింగుకు పోయేదే ఎక్కువ. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరూ ఒకేరోజు వెళ్లి అసలు హెచ్‌పీ రాయించుకోవడం, ఆ వెంటనే అదనపు ట్రాన్స్‌ఫార్మర్ కోసం అర్జీ పెట్టడం రెండూ కలిపి చేయాలి. ఒక్కరే రాయించుకుంటే ఏమీ మారదు.

కాలిపోవడానికి రెండో కారణం ఆటో స్టార్టర్లు. కరెంటు పోయి రాగానే పద్నాలుగు మోటార్లు ఒకే క్షణంలో లేస్తాయి. ఒక్కోటి స్టార్టింగులో ఆరు రెట్లు, అంటే 48 ఆంపియర్లు లాగితే మొత్తం దాదాపు 670. ట్రాన్స్‌ఫార్మర్ బలం 133. ఆ దెబ్బకు వోల్టేజీ కుంగుతుంది, కుంగిన వోల్టేజీలో ఏ మోటారూ త్వరగా వేగం అందుకోదు, కాబట్టి ఆ 670 కొన్ని సెకన్ల బదులు చాలాసేపు నిలబడుతుంది. ఫ్యూజు పోవాలి. మాటిమాటికీ పోతోందని ఎవరో లావు అల్యూమినియం తీగ చుట్టి ఉంటారు. ఫ్యూజు పోనప్పుడు వైండింగు పోతుంది. తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలుపెట్టేటప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ల మీది ఈ దెబ్బ దానికి ఒక కారణం, బోర్లు రాత్రింబవళ్లు నడిచి భూగర్భజలం అడుగంటుతుందన్న భయం మరొకటి. రాత్రిపూట పొలానికి వెళ్లలేక ఆటో పెట్టుకున్న రైతు బాధ నిజమే. దానికి మధ్యేమార్గం ఉంది: స్టార్టర్‌లో ఆన్-డిలే టైమరు. మొదటి మోటారుకు అర నిమిషం, రెండోదానికి ఒక నిమిషం, మూడోదానికి నిమిషంన్నర చొప్పున పెట్టుకుంటే అన్నీ లేస్తాయి, ఒకటి తర్వాత ఒకటి. ఊరి ఎలక్ట్రీషియన్ అరగంటలో బిగించగలడు. అందరూ ఒప్పుకుని వరుస రాసుకుంటేనే పని చేస్తుంది.

ఇక కెపాసిటరు (మోటారు లైను నుంచి లాగే కరెంటును తగ్గించే పరికరం, దాని సైజును కేవీఏఆర్‌లో చెబుతారు) సంగతి. ఐదు హెచ్‌పీకి రెండు కేవీఏఆర్, ఏడున్నరకు మూడు కేవీఏఆర్ పెట్టడం మన దగ్గర వాడుక. రెండు కేవీఏఆర్ పెడితే ఎనిమిది ఆంపియర్ల మోటారు లైను నుంచి లాగేది ఏడు లోపుకు దిగుతుంది. ఒక్క రైతు పెడితే అతనికి కనిపించే మేలు తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరూ పెడితే ఆరో వంతు లోడు దించినట్టే, ఇద్దరు రైతుల మోటార్లు తీసేసినంత. బిగించేటప్పుడు స్టార్టర్ తర్వాత, మోటారు వైపు బిగించాలి, మోటారుతో పాటే ఆగిపోయేలా. స్టార్టర్ ముందు బిగిస్తే రాత్రి లోడు లేనప్పుడు వోల్టేజీ పెరిగి కెపాసిటరే ఉబ్బి పగులుతుంది. బాగుందో లేదో తెలుసుకోవడం తేలిక: 415 వోల్టుల దగ్గర రెండు కేవీఏఆర్ కెపాసిటరు మూడు తీగల్లోనూ దాదాపు 2.8 ఆంపియర్లు చూపాలి. ఒక తీగలో సున్నా వస్తే అది పోయినట్టే. మోటారు లాగే కరెంటు తగ్గుతుంది కదా అని రెట్టింపు సైజు పెట్టకండి. కరెంటు తీసేసిన క్షణంలో మోటారే జనరేటరులా మారి వోల్టేజీ ఎగదన్ని వైండింగు దెబ్బతింటుంది. ఒక పరిమితి కూడా గుర్తుంచుకోవాలి: 340 వోల్టుల దగ్గర కెపాసిటరు తన సామర్థ్యంలో మూడింట రెండు వంతులే ఇస్తుంది. లైను సన్నగా ఉంటే కెపాసిటరు ఒక్కటే కాపాడలేదు.

స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేది) మోటారు పేరు పలక మీది ఆంపియర్లకే పెట్టాలి. ట్రిప్ అవుతోందని పైకి తిప్పడమంటే కాపలాదారును నిద్రపుచ్చడమే. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు (ఒక ఫేజ్ పోతే మోటారును ఆపేది) తప్పనిసరి. ఒక ఫేజ్ పోయి రెండింటి మీద నడిచిన సబ్‌మెర్సిబుల్ నిమిషాల్లో కాలిపోతుంది. ఊరికీ పొలానికీ కలిపి ఉన్న ఫీడర్లలో త్రీఫేజ్ లేని వేళ ఇళ్లకు సింగిల్ ఫేజ్ ఇస్తారు. అప్పుడు కండెన్సర్లు (కెపాసిటర్లు) పెట్టి మోటార్లు నడపడం చాలాచోట్ల ఉంది. ఆ కరెంటంతా ఒకే ఫేజ్ మీద, న్యూట్రల్ మీద పడుతుంది. రాత్రి ఏడు తర్వాత మీ ఇళ్లలో 170 కనిపించడానికి ఇదే కారణం కావచ్చు. త్రీఫేజ్ ఉన్న వేళకూ లేని వేళకూ ఇంటి రీడింగులు పోల్చి చూస్తే తెలిసిపోతుంది. ఇళ్లకూ వ్యవసాయానికీ ఫీడర్లు విడగొట్టడం ఇలాంటి ఊళ్లకు శాశ్వత పరిష్కారం. గుజరాత్‌లో 2003లో మొదలైన జ్యోతిగ్రామ్ పథకం చేసింది ఇదే, 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్ఎస్ పథకంలోనూ ఫీడర్ల విభజనకు నిధులున్నాయి.

ఇళ్లలోని స్టెబిలైజర్ల గురించి చాలామంది అడగరు, చెప్పాలి. 170 వోల్టులు తీసుకుని 230 ఇవ్వాలంటే స్టెబిలైజరు లైను నుంచి ఎక్కువ కరెంటు లాగాలి. వీధిలో అందరూ పెట్టుకుంటే లేనివాళ్లకు 150 వస్తుంది.

అన్నిటికన్నా గట్టి మందు హెచ్‌వీడీఎస్. పొడవాటి ఎల్‌టీ లైను తీసేసి, 11 కేవీనే పొలాల్లోకి తెచ్చి మూడు నాలుగు మోటార్లకు ఒక 16 లేదా 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి. పైన చూపిన ఉదాహరణనే తీసుకోండి. ఎల్‌టీలో నలభై ఆంపియర్లుగా పారే అదే శక్తి 11 కేవీలో ఒకటిన్నర ఆంపియర్లే. అదే స్క్విరల్ తీగలో అదే ఎనిమిది వందల మీటర్లకు ఎల్‌టీలో ఐదు కిలోవాట్ల పైన వేడిగా పోతుంటే, 11 కేవీలో పదివాట్లు కూడా పోదు. వోల్టేజీ నష్టం లెక్కలోకే రాదు. దొంగతనంగా కొక్కేలు తగిలించడమూ కుదరదు. నలుగురే ఉంటారు కాబట్టి ఎవరు ఎంత మోటారు దించారో అందరికీ తెలుస్తుంది. ఇబ్బందులూ లేకపోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్య పెరిగితే నూనె, తీగల దొంగతనాలు పెరుగుతాయి, ఒక్కోదానికి ఎర్తింగు, బ్రీదరు (ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయే గాలిలోని తేమను పీల్చేది) చూసుకునే సిబ్బంది సరిపోరు. బ్రీదరులో సిలికా జెల్ నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగితే తేమ లోపలికి పోతోందని అర్థం. అది కింది నుంచి చూసినా కనిపిస్తుంది, కనిపించగానే చెప్పండి. ఐదు హెచ్‌పీలు నాలుగు ఉంటే 25 కేవీఏ నిండిపోతుంది, ఐదోది తగిలిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

పైస్థాయి కొరత పూర్తిగా పోయిందని కూడా అనుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో బొగ్గు చాలక, ఎండలు ముదిరి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు మళ్లీ పవర్ హాలిడే పెట్టారు. ఇప్పుడు మధ్యాహ్నం సౌర విద్యుత్తు పుష్కలం, సూర్యుడు దిగాక ఒక్కసారిగా కరువు. వ్యవసాయ కరెంటును పగటికి మార్చడం వెనక రైతు సౌకర్యంతో పాటు ఈ లెక్క కూడా ఉంది. కోత రాష్ట్ర స్థాయిదా, మీ ఊరిదేనా అని తేల్చుకోవడానికి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఒకటే అడగండి: ఫీడరు ఆగిందా, మా ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమేనా? పై నుంచి ఆదేశం వచ్చి ఆపితే దాన్ని ఆపరేటరు లాగ్ పుస్తకంలో సమయంతో సహా రాస్తాడు.

ఫిర్యాదు ఎలా చేయాలంటే, ముందు 1912కు చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత మీ సెక్షన్ ఇంజినీరు ఏఈ గారికి రాతపూర్వకంగా, ఒక నకలు ఆయన పై అధికారి ఏడీఈ గారికి. అర్జీలో ట్రాన్స్‌ఫార్మర్ మీద పెయింట్ చేసిన ఎస్ఎస్ నంబరు, దాని కేవీఏ, కింద ఉన్న మోటార్ల సంఖ్య, అసలు హెచ్‌పీ, మీ సర్వీసు నంబర్లు, వారం రీడింగులు ఉండాలి. కోరేది ఒక్కటే స్పష్టంగా రాయండి: ఫేజ్‌ల సర్దుబాటా, ఎల్‌టీ కండక్టరు మార్పా, అదనపు ట్రాన్స్‌ఫార్మరా. "సమస్య పరిష్కరించగలరు" అని ముగిస్తే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు బిగించి వెళ్తాడు.

గడువులు మీ వైపే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2004లో తెచ్చిన పనితీరు ప్రమాణాల్లోనే కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలని ఉంది. వోల్టేజీ ఫిర్యాదుకు లైను పెంచే అవసరం లేకపోతే పది రోజులు, పెంచాల్సి వస్తే 120 రోజులు. గడువు దాటితే వినియోగదారుడికి పరిహారం రావాలి. 2020 డిసెంబరు 31న కేంద్రం నోటిఫై చేసిన వినియోగదారుల హక్కుల నిబంధనలు కూడా పరిహారాన్ని గుర్తించాయి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరు మీద మీరే మోసుకెళ్లాలనో, చందాలు వేయాలనో ఎవరైనా అంటే ఆ మాట రాతలో ఇవ్వమనండి. దించడం, తరలించడం, ఎక్కించడం సంస్థ బాధ్యత.

గడువు దాటినా కదలిక లేకపోతే మీ పంపిణీ సంస్థ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు, వేదిక ఊళ్ల వైపు వచ్చి విచారణలు జరిపినప్పుడు అక్కడే అర్జీ ఇవ్వవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఎక్కడికి వెళ్లినా 1912 ఫిర్యాదు నంబరు, ఏఈ కార్యాలయం ముద్ర వేసిన అర్జీ ప్రతి, రీడింగుల నకలు జతచేయండి. రీడింగులు రాసిన అసలు పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి, పని పూర్తయ్యాక అదే వేళల్లో మళ్లీ కొలిచి పక్క గడిలో రాయాల్సి ఉంటుంది.